గుజిరీ అంగడిలో కొన్న పెంటియం 3: ప్లగ్ పెట్టే ముందు, పెట్టిన తరవాత

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చిత్తూరులో గుజిరీ అంగడిలో 700 రూపాయలకు పాత కంప్యూటరు దొరికింది. పెంటియం 3, 600 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 810 బోర్డు, 64 ఎంబీ ర్యామ్, 10 జీబీ హార్డ్‌డిస్కు, 15 అంగుళాల సీఆర్టీ మానిటరు. ఇంతకుముందు ఏదో డీటీపీ సెంటర్‌లో ఉండేదట, ఏళ్ల తరబడి ఎవరూ ఆన్ చేయలేదు. ప్లగ్ పెట్టి చూడొచ్చా, ఏమేం మార్చాలి, రెండు వేలలో అవుతుందా, చివరికి దాని మీద ఏం నడుస్తుంది?

బాగవుతుందండీ, పవర్ సప్లై మార్చాల్సి రాకపోతే రెండు వేలు సరిపోతుంది కూడా. కానీ ఇప్పుడు ప్లగ్ పెట్టొద్దు. ఇది ఒక మెషీన్ అనుకోకుండా మూడు ముక్కలనుకోండి: ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును బోర్డుకు కావలసిన వోల్టులకు మార్చే పవర్ సప్లై డబ్బా), మదర్‌బోర్డు, హార్డ్‌డిస్కు. మూడింటినీ విడదీయండి. ఒకటి బాగుందని తేలాకే రెండోదానికి కరెంటు చూపించాలి. హార్డ్‌డిస్కు వంతు అన్నిటికంటే చివర. ఎస్ఎంపీఎస్ పోతే ఇంకోటి వస్తుంది, ర్యామ్ పోతే ఇంకోటి వస్తుంది, ఆ డిస్కులో ఉన్నది మాత్రం మళ్లీ రాదు. డీటీపీ సెంటర్ మెషీన్ అంటున్నారు కాబట్టి ఇది మరీ ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను.

ముందు క్యాబినెట్ విప్పి అన్నివైపులా ఫొటోలు తీసుకోండి. ఏ కేబుల్ ఎటు తిరిగి ఉందో, ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లు ఏ పిన్నుకు ఏ రంగువో కనపడేలా తీయాలి. బోర్డు మాన్యువల్ దొరక్కపోతే రేపు ఆ ఫొటోలే మీకు మాన్యువల్.

లోపల దుమ్ము ఒక్కటే ఉంటుందనుకోకండి. ఎస్ఎంపీఎస్‌లో చచ్చిన బల్లి, బొద్దింకల గుడ్లు, చీమల మట్టి మామూలే. మెత్తటి పెయింట్ బ్రష్షు, చేతి బ్లోయర్ చాలు. టైర్ల అంగట్లో కంప్రెసర్ గాలి కొట్టించే అలవాటు చాలామందికి ఉంది. ఆ గాలిలో తేమ, నూనె తుంపర ఉంటాయి, పైగా ఆ జోరుకు చిన్న భాగాలు ఊడతాయి. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. అది వేగంగా తిరిగితే తానే జనరేటరై బోర్డులోకి కరెంటు పంపుతుంది.

బోర్డు మీద జిడ్డు, పురుగుల మరకలు ఉంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్షు పెట్టి తుడవండి. మరీ మట్టికొట్టుకుని ఉంటే నీళ్లతో కడగొచ్చు గానీ మన బోరు నీళ్లతో కాదు. అవి ఆరాక తెల్లటి పొర మిగిల్చి పోతాయి. బ్యాటరీ అంగడిలో అమ్మే డిస్టిల్డ్ వాటర్ వాడి, ఆఖరున ఆల్కహాల్ పోసి, నీడలో ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టాలి. కడిగే ముందు బటన్ సెల్ తీసేయడం మరిచిపోవద్దు.

ఎస్ఎంపీఎస్

మొదట వెనక ఎర్ర స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే అది 230 మీదే ఉండాలి. ఎవరి చెయ్యో తగిలి 115 మీదకు జరిగి ఉంటే, ప్లగ్ పెట్టిన క్షణంలో ఢామ్మని పేలుతుంది. అంగట్లో చేతులు మారిన మెషీన్లలో ఇది అరుదేమీ కాదు.

తరవాత దాన్ని బోర్డు నుంచి, డ్రైవ్‌ల నుంచి పూర్తిగా ఊడదీయండి. మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వకుండా సీరీస్ బల్బు గుండా ఇవ్వాలి. మోటారు వైండింగ్ చేసేవాళ్ల దగ్గర, టీవీ మెకానిక్కుల దగ్గర సీరీస్ బోర్డు తయారుగా ఉంటుంది. ఫేజ్ వైరులో 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో ఉంటుంది, అంతే. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ప్లగ్ పెట్టగానే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోతే మంచిదే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, అక్కడితో ఆపేయండి. కరెంటు పనిలో అలవాటు లేకపోతే ఈ ఒక్క పరీక్ష తెలిసినవాళ్ల చేత చేయించండి.

ఆన్ చేయకముందే, ప్లగ్ పెట్టగానే, 20 పిన్నుల కనెక్టర్లో ఊదారంగు వైరుకీ నల్లవైరుకీ మధ్య వోల్టేజి కొలవండి. అది స్టాండ్‌బై 5 వోల్టులు. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఇది అందరూ వదిలేసే కొలత, బోర్డుల్ని చంపేదీ ఇదే. పాత చవక ఎస్ఎంపీఎస్‌లలో స్టాండ్‌బై సర్క్యూట్‌లోని ఒక చిన్న కెపాసిటర్ ఎండిపోతే ఈ వోల్టేజి అదుపు తప్పి పైకి పోతుంది. మీరు పవర్ బటన్ నొక్కకపోయినా, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ అది బోర్డు మీద పడుతూనే ఉంటుంది. 5.25 దాటితే ఆ ఎస్ఎంపీఎస్‌ను పక్కన పెట్టేయండి.

బాగుంటే ఆకుపచ్చ వైరు పిన్నునూ నల్ల వైరు పిన్నునూ వంచిన తీగతో కలపండి, ఫ్యాన్ తిరుగుతుంది. ఖాళీగా నడిపితే కొన్ని పాత ఎస్ఎంపీఎస్‌లు నిలబడవు, తప్పుడు అంకెలు కూడా చూపిస్తాయి. అందుకని బైకు ఇండికేటర్ బల్బులు, 12 వోల్టులు 10 వాట్లవి, ఒకటి పసుపు–నలుపు మధ్య, రెండోది ఎరుపు–నలుపు మధ్య లోడుగా పెట్టండి. ఎరుపు మీద పెట్టింది మందంగా వెలుగుతుంది, అది సరైనదే. ఇప్పుడు కొలతలు: పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47. బూడిదరంగు వైరు మీద 5 వోల్టుల దరిదాపుల్లో రావాలి. అది 'పవర్ బాగుంది' అని బోర్డుకు చెప్పే సంకేతం, అది రాకపోతే మిగతావన్నీ ఉన్నా బోర్డు లేవదు. సీరీస్ బల్బు ఉండగా లోడు పెడితే అంకెలు పడిపోవచ్చు కాబట్టి షార్ట్ లేదని తేలాక బల్బు తీసేసి కొలవండి. అరగంట వదిలేసి, మళ్లీ కొలిచి, వాసన చూడండి.

ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం మీరు విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు నిలుస్తుంది.

కొత్తది కొనాల్సి వస్తే ఇప్పటి 24 పిన్నుల ఎస్ఎంపీఎస్ కూడా పనికొస్తుంది. నాలుగు పిన్నుల ముక్క విడిపోతుంది, విడిపోకపోతే పక్కకు వేలాడుతుంది. పక్కన కెపాసిటరో మరోటో అడ్డం లేకపోతే చాలు. ఒకటే చూసుకోవాలి: ఈ కాలపు బోర్డులు 5, 3.3 వోల్టుల లైన్ల మీద ఎక్కువ ఆధారపడతాయి, ఇప్పటివి 12 మీద. లేబుల్ మీద 5 వోల్టులకు 15 ఆంపియర్లైనా రాసి ఉన్నది తీసుకోండి. ఇంకో మాట, మీది అసెంబుల్డ్ కాకుండా డెల్ మెషీన్ అయితే ఆగండి. 2000కు అటూఇటూగా వచ్చిన చాలా డెల్ డెస్క్‌టాపుల్లో కనెక్టర్ చూడటానికి మామూలు ఏటీఎక్స్‌లాగే ఉంటుంది, పిన్నుల్లో వోల్టేజిలు మాత్రం వేరే చోట ఉంటాయి. మామూలు ఎస్ఎంపీఎస్ పెడితే బోర్డు అక్కడికక్కడే పోతుంది. వైరు రంగుల వరస ఫొటోతో సరిచూసుకుంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

ఎర్తింగ్ సంగతి. పాత ఇళ్లలో మూడో పిన్ను పేరుకే ఉంటుంది. ఎర్త్ లేకపోతే ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ రేకు మీద దాదాపు సగం మెయిన్స్ వోల్టేజి తేలుతుంది. రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది. షాకు చిన్నదే, కానీ ఆ స్థితిలో మానిటర్ కేబులో ప్రింటర్ కేబులో పెట్టారంటే పోర్టులు కాలిపోతాయి. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండి ఎర్త్ పిట్ పనిచేయడం మానేస్తుంది. ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ మధ్య కొలిచి చూడండి, ఐదు వోల్టులు దాటితే పిట్‌లో రెండు బిందెల నీళ్లు పోయాల్సిందే.

బోర్డు: సెల్, కెపాసిటర్లు, ర్యామ్

బటన్ సెల్ సీఆర్ 2032. కొలవక్కర్లేదు, మార్చేయండి, 30–50 రూపాయల పని. కొత్తది పెట్టాక, ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డులోని ప్రోగ్రామైన బయాస్‌లో తేదీ, డ్రైవ్‌లు మళ్లీ చూసుకోవాలి. అప్పటిదాకా 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్' వస్తుంది, భయపడాల్సిందేమీ కాదు. (మీకు ఎప్పుడైనా 386, 486 బోర్డు దొరికితే అక్కడ కథ వేరు. వాటి మీద పీపాయి ఆకారంలో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారి ట్రాకుల్ని తినేస్తుంది. కొన్న రోజే కత్తిరించి పారేసి, ఆ చోటును వెనిగర్‌తో తుడిచి, నీళ్లతో, తరవాత ఆల్కహాల్‌తో కడగాలి. కారింది క్షారం కాబట్టి ఆమ్లమే దానికి మందు.)

అసలు చూడాల్సింది ప్రాసెసర్ చుట్టూ, ర్యామ్ స్లాట్ల పక్కన నిలబడి ఉండే కెపాసిటర్లు. 1999 నుంచి ఏడెనిమిదేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు చాలా పడ్డాయి. తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, తల మీది గీతల దగ్గర గోధుమరంగు కారినా, అడుగు రబ్బరు పైకి లేచి వంకరగా నిలబడినా అది పోయినట్టే. ఉబ్బిన కెపాసిటర్‌తో కూడా బోర్డు ఆన్ అవుతుంది. పది నిమిషాలకు ఆగిపోవడం, ఇన్‌స్టాలేషన్ మధ్యలో బ్లూ స్క్రీన్, ఒకసారి లేచి ఒకసారి లేవకపోవడం దాని లక్షణాలు. జనం ర్యామ్‌ని, విండోస్‌ని తిట్టుకుంటూ కూర్చుంటారు.

మార్చేటప్పుడు ఒకటే పోయినా ఆ వరసలో ఒకే బ్రాండువన్నీ మార్చండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి. వోల్టేజి అదే గానీ ఒక మెట్టు ఎక్కువ గానీ, అంటే 6.3 స్థానంలో 10 వోల్టులది పెట్టొచ్చు. ఈ బోర్డుల మీద ఎక్కువగా 1000, 1500 మైక్రోఫారడ్లు 6.3 వోల్టులవి ఉంటాయి, మీ వాటి మీద ఉన్నదే రాసుకోండి. వ్యాసం 8 మిల్లీమీటర్లా 10 మిల్లీమీటర్లా కొలవండి, లావుది పట్టదు. అంగడిలో అడగాల్సింది '105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్' (లోపలి నిరోధం తక్కువున్నది) అని. టీవీ రిపేర్లకు ఇచ్చే మామూలు 85 డిగ్రీల రకం ప్రాసెసర్ పక్కన ఎక్కువ కాలం నిలవదు. తిరుపతి, చిత్తూరుల్లో దొరక్కపోతే రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోవడమే. పాత ర్యామ్, ఐడీఈ (పాత హార్డ్‌డిస్కులు తగిలించే) కేబుళ్లు, ల్యాన్ కార్డులు కూడా అక్కడే వెతుక్కోవచ్చు కాబట్టి జాబితా రాసుకుని ఒకేసారి వెళ్లండి.

కెపాసిటర్ ఒంటి మీద చార ఉన్న వైపు నెగటివ్. బోర్డు మీద రంగు నింపిన సగం చాలా కంపెనీలకు నెగటివ్, కొన్ని కంపెనీలకు తారుమారు. అందుకే పాతవి ఎటు ఉన్నాయో ఫొటో చూసి పెట్టాలి గానీ బోర్డు మీది గుర్తును నమ్మి కాదు.

ఈ పని మీరు మొదటిసారి చేస్తుంటే నా సలహా: టీవీ మెకానిక్ చేత చేయించండి. మదర్‌బోర్డు నాలుగు పొరలది. గ్రౌండ్ కాలు వేడినంతా లోపలి రాగి పొరలోకి లాగేసుకుంటుంది. 25 వాట్ల ఐరన్‌తో కుస్తీ పడితే కరగని టంకంలోంచి కాలు లాగుతారు, దాంతో రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడి వస్తుంది. ఇక ఆ బోర్డు పని అయిపోయినట్టే. 60 వాట్ల ఐరన్, ముందు కొత్త లెడ్డు కొంచెం వేసి, రెండు కాళ్లు మార్చి మార్చి వేడి చేస్తూ కెపాసిటర్‌ను అటూఇటూ వాల్చి తీయాలి.

ప్రాసెసర్ మీది హీట్‌సింక్ తీసి ఎండిన పేస్టు తుడిచి కొత్తది వేయండి, బియ్యపు గింజంత చాలు. ఇక్కడ రెండు ప్రమాదాలు. ఈ పెంటియం 3 మీద సిలికాన్ చిప్పు బయటికే ఉంటుంది. హీట్‌సింక్‌ని ఒక అంచు మీద వాల్చి నొక్కితే మూల చిట్లుతుంది. రెండోది, క్లిప్పు గట్టిగా ఉంటుంది, స్క్రూడ్రైవర్ జారితే సాకెట్ పక్కన బోర్డు మీది ట్రాకులు తెగుతాయి. క్లిప్పు కింద అట్టముక్క పెట్టుకుని తీయండి. ఫ్యాన్ అరుస్తుంటే వెనక స్టిక్కర్ లేపి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి. కొబ్బరినూనె వద్దు, నాలుగు రోజులకు జిగురవుతుంది.

ర్యామ్ బంగారు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టు దులిపి, ఆల్కహాల్‌తో తుడవండి. 'చచ్చిపోయింది' అని అమ్మేసిన మెషీన్లలో చాలా వాటికి చేయాల్సిన వైద్యం ఇదొక్కటే.

మొదటిసారి ఆన్ చేయడం

బోర్డును బయటికి తీసి చెక్క బల్ల మీద అట్టముక్క పరిచి పెట్టండి. ప్రాసెసర్, ఫ్యాన్, ఒకే ఒక్క ర్యామ్ స్టిక్కు, చిన్న స్పీకరు, అంతే. స్పీకరు తప్పనిసరి, మీకు బోర్డు చెప్పేదంతా దాని నోటితోనే. ఎస్ఎంపీఎస్ తగిలించే ముందు బోర్డు కనెక్టర్లో ఎర్ర వైరు వచ్చే చోటుకూ నల్ల వైరు వచ్చే చోటుకూ మధ్య మీటరుతో చూడండి, సున్నా ఓమ్స్ చూపిస్తే బోర్డులో షార్ట్ ఉంది. లేకపోతే ఎస్ఎంపీఎస్ తగిలించి, పవర్ స్విచ్ రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి.

810లో గ్రాఫిక్స్ బోర్డులోనే ఉంది కాబట్టి విడి కార్డు అక్కర్లేదు. ఒక చిన్న బీప్, స్క్రీన్ మీద అక్షరాలు వస్తే సగం పని అయిపోయింది. అవార్డ్ బయాస్ అయితే ఒక పెద్ద బీప్, రెండు చిన్నవి వస్తే వీడియో సమస్య. ఆగకుండా పెద్ద బీప్‌లు వస్తుంటే ర్యామ్. అమీ బయాస్‌లో ర్యామ్ తప్పులకు ఒకటి నుంచి మూడు, వీడియోకు ఎనిమిది. ఏ శబ్దమూ లేక ఫ్యాన్ మాత్రం తిరుగుతుంటే ర్యామ్ తీసేసి ఆన్ చేయండి. అప్పుడు బీప్‌లు వస్తే ప్రాసెసర్, బయాస్ బతికే ఉన్నాయి, తప్పు ర్యామ్‌దో స్లాట్‌దో. అప్పటికీ మౌనమే అయితే పీసీఐ పోస్ట్ కార్డు (బోర్డు ఏ దశలో ఆగిందో అంకెల్లో చూపే పరీక్ష కార్డు) పెట్టి అంకె చూడాలి. రెండు సున్నాలో, రెండు ఎఫ్‌లో దాటి కదలకపోతే ప్రాసెసరే పని మొదలుపెట్టలేదని అర్థం.

కీబోర్డు, మౌస్ గుండ్రటి పీఎస్2 రకం. ఊదా రంధ్రం కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది. ఆన్‌లో ఉండగా వాటిని పీకడం, పెట్టడం చేయకండి, బోర్డు మీది చిన్న ఫ్యూజు పోతుంది. యూఎస్‌బీ అలవాటు వల్ల అందరూ చేసే తప్పిది.

ర్యామ్ పెంచండి. 810కి గరిష్ఠం 512 ఎంబీ, విండోస్ 98కి 256 దండి. పీసీ 100 గానీ పీసీ 133 గానీ ఎస్‌డీర్యామ్, 168 పిన్నులు, రెండు నొక్కులు ఉన్నది. 256 ఎంబీ స్టిక్కు కొంటే రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే కొనండి. ఒకే వైపు 8 చిప్పులున్న 256 స్టిక్కును ఈ చిప్‌సెట్ సగమే చూస్తుంది, లేదా అసలు చూడదు. అమ్మేవాడు 'స్టిక్కు మంచిదే సార్' అంటాడు, నిజమే చెప్తున్నాడు. మీ బోర్డుకే అది చదవడం రాదు.

హార్డ్‌డిస్కు

దీన్ని ఈ మెషీన్లో పెట్టి బూట్ చేయొద్దు. ఏళ్ల తరవాత తిరిగే డిస్కుకు ఇంకా ఎన్ని గంటల ఆయుష్షు ఉందో ఎవరూ చెప్పలేరు. విండోస్ లేచిందంటే స్వాప్ ఫైలు అంటూ, స్కాన్‌డిస్క్ అంటూ దాని మీద రాయడం మొదలుపెడుతుంది. దాని మొదటి తిరుగుడు కాపీ తీయడానికే ఖర్చుపెట్టండి. యూఎస్‌బీ–ఐడీఈ అడాప్టరుతో మీ ఇప్పటి కంప్యూటరుకు తగిలించి, లైనెక్స్‌లో డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాముతో మొత్తం డిస్కును ఒకే ఇమేజ్ ఫైలుగా తీయండి. అది బాగున్న భాగాలు ముందు చదివి, మొండికేసిన చోట్లకు తరవాత తిరిగి వస్తుంది. 10 జీబీ కాబట్టి బాగుంటే గంటలోపే. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుంటుంటే వెంటనే ఆపండి, హెడ్ పోయింది.

డీటీపీ సెంటర్ డిస్కు కాబట్టి అందులో పేజీలు అమర్చే సాఫ్ట్‌వేరైన పేజ్‌మేకర్ ఫైళ్లు ఉండే అవకాశం ఎక్కువ. అప్పటి తెలుగు యూనికోడ్ (ఇప్పుడు అన్నిచోట్లా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. అను లాంటి ఫాంట్లతో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనపడతాయి. ఫైలు పాడైందని పారేస్తారు. కాబట్టి విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్ ఫోల్డరు మొత్తాన్ని ఆ ఫైళ్లతో పాటే దాచండి. కొన్ని డీటీపీ సాఫ్ట్‌వేర్లు వెనక ప్రింటర్ పోర్టుకు పెట్టే డాంగిల్ (దొంగ కాపీలు నడవకుండా తాళంలా పనిచేసే ముక్క) లేకపోతే నడవవు. మెషీన్ వెనక చిన్న డబ్బాలాంటిది తగిలించి ఉంటే అది ప్రింటర్ కన్వర్టరు అనుకుని ఊడబీకి పారేయకండి.

అందులో ఊళ్లోవాళ్ల పెళ్లిపత్రికలు, దరఖాస్తులు, అడ్రసులు ఉంటాయి. అవి మీవి కావు. పాత యజమాని ఎవరో తెలిస్తే ఇమేజ్ వాళ్లకిచ్చి, మీ దగ్గర ఫాంట్లు, డ్రైవర్లు మాత్రం ఉంచుకోండి.

మెషీన్లో రోజువారీ వాడకానికి కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు (పాత కెమెరాల్లో వాడే మెమరీ కార్డు), దానికి ఐడీఈ అడాప్టరు పెట్టండి. 8 లేదా 16 జీబీ దండి. 32 జీబీ దాటితే ఆ కాలపు కొన్ని బయాస్‌లు మొదటి స్క్రీన్ మీదే నిలిచిపోతాయి. అడాప్టరు మీద 3.3, 5 వోల్టుల జంపరు ఉంటుంది, కార్డుకు ఏది కావాలో చూసి పెట్టండి. ఫ్లాష్‌తో వచ్చే చిక్కులు రెండు. కార్డును మీ కొత్త కంప్యూటర్లో పార్టిషన్ చేస్తే పాత బయాస్ లెక్కకూ దానికీ పొసగక, గీత మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది. పార్టిషన్, ఫార్మాట్ పాత మెషీన్లోనే చేయాలి. అప్పటికీ లేవకపోతే బూట్ ఫ్లాపీ నుంచి ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్ (fdisk /mbr, డిస్కు మొదట్లోని బూట్ భాగాన్ని మళ్లీ రాసే ఆదేశం) కొట్టి, పార్టిషన్ 'యాక్టివ్'గా ఉందో లేదో చూడండి. ఇక రెండోది, చవక అడాప్టర్లలో డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను నేరుగా ర్యామ్‌కు పంపే పద్ధతి) లైన్లు కలిపి ఉండవు. విండోస్‌లో డీఎంఏ టిక్కు పెట్టిన మరుక్షణం వేలాడిపోతే కారణం అదే, సేఫ్ మోడ్‌లో ఆ టిక్కు తీసేయండి.

ఏం నడపాలి

విండోస్ 98 సెకండ్ ఎడిషన్. 1999లో వచ్చింది, ఈ మెషీనూ ఆ కాలానిదే, దాని కోసం పుట్టిన డ్రైవర్లు దీనికి అతికినట్టు సరిపోతాయి. ఎక్స్‌పీ కూడా ఎక్కుతుంది, 256 ఎంబీలో ఈడుస్తూ నడుస్తుంది. కానీ డాస్ (విండోస్‌కు ముందటి, ఆదేశాలు కొట్టి నడిపే వ్యవస్థ) ఆటలు, డాస్ ప్రోగ్రాములు నేరుగా నడిచే సుఖం పోతుంది. ఆ సుఖం కోసమే కదా పాత మెషీన్. లైనెక్స్ కావాలంటే టైనీ కోర్ బాగా నడుస్తుంది. డెబియన్ 13 నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు, 12 వరకే దారి.

ఇన్‌స్టాల్ చేసే తీరు: బూట్ ఫ్లాపీతో లేపి ఎఫ్‌డిస్క్‌లో ఫ్యాట్ 32 పార్టిషన్, ఆపైన ఫార్మాట్. స్మార్ట్‌డ్రైవ్ అనే, డిస్కు పనిని వేగం చేసే ప్రోగ్రామును ఒకసారి ఎక్కించండి, లేకపోతే డాస్‌లో ఫైళ్ల కాపీకి పొద్దుపోతుంది. సీడీలోని విన్98 ఫోల్డరును సీ డ్రైవ్‌కు కాపీ చేసి అక్కణ్నించే సెటప్ నడపండి. తరవాత ప్రతి డ్రైవరుకూ సీడీ అడగదు. డ్రైవర్ల వరస ముఖ్యం: ముందు చిప్‌సెట్, తరవాత గ్రాఫిక్స్, సౌండ్, చివర ల్యాన్. వరస తప్పితే డివైజ్ మేనేజర్లో పసుపు గుర్తులు పట్టుకుని వేలాడతాయి. పాత సీడీ డ్రైవ్ చదవకపోతే లెన్స్ మీద ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో తేలిగ్గా ఒకసారి తుడిచి చూడండి. ఫ్లాపీలు మన నవంబరు, డిసెంబరు వానలకు బూజు పట్టి ఉంటాయి. బూజు పట్టినది పెడితే డ్రైవ్ హెడ్ కూడా పాడవుతుంది. షట్టర్ జరిపి వెలుతురులో చూసి పెట్టండి.

పెన్‌డ్రైవ్ పెట్టగానే 98 గుర్తించదు, దానికి విడిగా డ్రైవరు కావాలి. ఆ డ్రైవరును సీడీలో రాసి గానీ, ఫ్లాష్ కార్డును ఊడదీసి కొత్త కంప్యూటర్లో రీడరుకు పెట్టి గానీ ఎక్కించాలి. నిజానికి ఫైళ్ల మార్పిడికి అన్నిటికన్నా తేలిక దారి ఆ కార్డే.

ఇంటర్నెట్ ఆశ పెట్టుకోకండి. పెంటియం 3లో ఎస్ఎస్ఈ2 అనే ప్రాసెసర్ సూచనలు లేవు, ఇప్పటి బ్రౌజర్లు అవి లేనిదే లేవవు. పాత బ్రౌజర్లకు నేటి సైట్ల భద్రతా తాళాలు తెరవడం రాదు. విండోస్ 98కి యూనికోడ్ తెలుగు కూడా రాదు. గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది ఎక్స్‌పీ నుంచే. 98కి 2006 జులై తరవాత భద్రతా సవరణలు లేవు, కాబట్టి రౌటరుకు తగిలించకుండా ఉంచడమే మేలు. దీని మీద కుదురుగా నడిచేవి సీ ప్రోగ్రాములు రాసే టర్బో సీ, డేటాబేసులకు వాడే ఫాక్స్‌ప్రో, పేజ్‌మేకర్, డాస్ ఆటలు. ఇంటర్ పిల్లలుంటే టర్బో సీ గ్రాఫిక్స్ ప్రోగ్రాములు డాస్‌బాక్స్ (కొత్త కంప్యూటర్లలో డాస్‌ను అనుకరించే ప్రోగ్రాము) లేకుండా పూర్తి స్క్రీన్ మీద నడిపించి చూపండి.

మానిటరు గురించి రెండు ముక్కలే. డబ్బా విప్పొద్దు, పిక్చర్ ట్యూబు మీద ఇరవై వేల వోల్టులకు పైనే ఉంటుంది. ఆన్ చేశాక స్క్రీన్ మధ్యలో ఒకే అడ్డగీత కనపడితే వర్టికల్ సెక్షన్ పోయింది, పాత టీవీలు చేసినవాళ్లకు అది తెలిసిన రోగమే. బాగుంటే 800×600 పెట్టి రిఫ్రెష్ రేటు 75 లేదా 85 హెర్ట్జ్‌కు మార్చండి, 60 దగ్గర కళ్లు లాగుతాయి.

ఖర్చు సుమారుగా: సెల్ 40, ఆల్కహాల్, పేస్టు కలిపి 300, కెపాసిటర్లు పది, కూలితో 400, ర్యామ్ 300, కార్డు–అడాప్టరు 700. ఎస్ఎంపీఎస్ కూడా మార్చాల్సి వస్తే రెండు వేలు దాటుతుంది. అప్పుడు కొత్తది కాకుండా సెకండ్‌హ్యాండ్ తీసుకుని పైన చెప్పిన కొలతలన్నీ దానికీ చేయండి.

ఆన్ చేసే ముందు ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్ల తలలు కనపడేలా ఒకటి, ఎస్ఎంపీఎస్ లేబుల్‌ది ఒకటి ఫొటోలు ఇక్కడ పెట్టండి. ఊదా వైరు వోల్టేజి ఎంత వచ్చిందో కూడా రాస్తే, బోర్డుకు దాన్ని తగిలించొచ్చో లేదో చెప్తాను.